రోహిణి కార్తెలో నిలబడితేనే స్టేబుల్

ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి తోసి, జనవరి రాత్రి ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి పడుకుని, పొద్దున్నే ఒక్క ఎర్రర్ కూడా లేని స్క్రీన్‌ని ఫొటో తీసి "స్టేబుల్" (తడబడకుండా నడుస్తోంది) అని పంపడం మన కుర్రాళ్లకు బాగా అలవాటైంది. మా మేనల్లుడూ అలాగే పంపాడు. వాడు ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్‌ని, దానిలో లెక్కలు చేసే ఆరు కోర్లూ 4.6 గిగాహెర్ట్‌జ్ దగ్గర బిగించి, వోల్టేజ్ 1.35 ఇచ్చి, రాత్రంతా పరీక్ష పెట్టాడు. పాసైంది. మే నెలలో ఫోన్ చేశాడు. "మావయ్యా, ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాకే మొదలైంది. పాత వెర్షన్‌కి మార్చినా అంతే."

సాఫ్ట్‌వేర్ మారింది నిజమే. డ్రైవర్ కూడా మార్చాడు, హార్డ్‌డిస్క్ మీద అనుమానపడ్డాడు, ర్యామ్ తీసి మళ్లీ పెట్టాడు. వాడు లెక్కలోకి తీసుకోనిది గది ఒక్కటే. పై అంతస్తు, నెత్తిమీద కాంక్రీట్ స్లాబ్. పగలంతా ఎండకు కాగిన స్లాబ్ రాత్రి పదకొండు దాకా వేడి వదులుతూనే ఉంటుంది. పెళ్లిళ్ల సీజనూ అదే, ఎక్స్‌పోర్ట్‌లు (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారు చేయడం) రాత్రంతా నడిచే రోజులూ అవే.

ఆ ఫోన్ తర్వాత నాలో ఎప్పటినుంచో ఉన్న ఒక అభిప్రాయం గట్టిపడింది. మన ఊళ్లలో పని చేసుకునే మెషీన్‌కి ఓవర్‌క్లాక్ సెట్టింగ్‌ని ఏడాదిలోకెల్లా వేడి రోజున పరీక్షించాలి. చలికాలంలో పాసైన సెట్టింగ్ చలికాలానికే పాసైనట్టు. దీని వెంటే ఇంకో మాట కూడా ఉంది: ఇవాళ్టి ప్రాసెసర్లలో మనం ముందు చేయి పెట్టాల్సింది గిగాహెర్ట్‌జ్ మీద కాదు, వోల్టేజ్ మీద. అదీ పెంచడానికి కాదు, తగ్గించడానికి.

లెక్క వేసి చూస్తే

ప్రాసెసర్ పని చేస్తున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తులో ఎక్కువ భాగం క్లాక్ వేగానికి, వోల్టేజ్ వర్గానికి (స్క్వేర్‌కి) అనులోమంగా పెరుగుతుంది. వర్గం అన్నచోటే కథంతా ఉంది. మావాడి సెట్టింగ్‌నే తీసుకుందాం. అదే చిప్ 4.3 గిగాహెర్ట్‌జ్ దగ్గర 1.20 వోల్ట్‌లతో నడుస్తోందనుకోండి. దాన్ని 4.6కి, 1.35కి తీసుకెళ్తే వేగం 7 శాతం పెరుగుతుంది. వోల్టేజ్ పెరిగింది పన్నెండున్నర శాతమే, కానీ దాని వర్గం 26 శాతానికి పైగా పెరుగుతుంది. రెండూ కలిస్తే వేడి 35 శాతం ఎక్కువ. ఏడు శాతం వేగానికి మనం ఇస్తున్న ధర అది.

ఇప్పుడు దీన్ని గదిలో పెట్టి చూడండి. మొదట 80 వాట్లు లాగే చిప్ ఇప్పుడు 108 వాట్లు లాగుతుంది. మామూలు టవర్ కూలర్ ఒక్కో వాట్‌కి అర డిగ్రీ చొప్పున చిప్‌ని గది కంటే వేడిగా ఉంచుతుందని అనుకుంటే, మొదటిది గది కంటే 40 డిగ్రీలు పైన, రెండోది 54 డిగ్రీలు పైన నిలుస్తాయి. జనవరిలో 24 డిగ్రీల గదిలో ఓవర్‌క్లాక్ చేసిన చిప్ 78 దగ్గర ఉంటుంది, చూడ్డానికి హాయిగానే ఉంటుంది. మే నెలలో అదే గది 40 అయితే చిప్ 94. 5600ఎక్స్‌కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు 95.

ఇది కూడా తక్కువ చేసి వేసిన లెక్కే. వేడెక్కిన కొద్దీ ట్రాన్సిస్టర్లలో లీకేజీ కరెంట్ (వృథాగా కారే కరెంట్) పెరుగుతుంది, ఆ లీకేజీ మళ్లీ వేడిగా మారుతుంది. పైగా వేడిలో అదే వోల్టేజ్ దగ్గర సర్క్యూట్లు కాస్త నెమ్మదిస్తాయి. 75 డిగ్రీల దగ్గర 4.6 గిగాహెర్ట్‌జ్‌కి సరిపోయిన 1.35 వోల్ట్‌లు 93 దగ్గర సరిపోకపోవచ్చు. హద్దు దాటలేదు కదా, వేగం తగ్గించుకోలేదు కదా అనుకుంటూ ఉండగానే ఎక్కడో ఒక కూడిక తప్పుతుంది. మావాడి ఎక్స్‌పోర్ట్ ఆగింది అక్కడే.

ఇంగ్లిష్ వీడియోల్లో చెప్పే నంబర్ల దగ్గర నాకున్న పేచీ కూడా ఇదే. యూరప్‌లోనో అమెరికాలోనో ఏసీ గదిలో 21, 22 డిగ్రీల దగ్గర ఒక కూలర్‌ని కొలిచి "78 డిగ్రీలు దాటలేదు" అంటారు. అది వాళ్ల గదికి నిజం. మనకు కావలసింది గది కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉందన్న తేడా. ఆ తేడాకి మన గది వేడిని మనమే కలుపుకోవాలి. గోడకు వేలాడే మామూలు థర్మామీటర్‌ని కేబినెట్ ముందు పెట్టుకుంటే సగం సందేహాలు తీరతాయి.

లిక్విడ్ కూలర్ కొంటే పోతుందిగా అని మావాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కానీ నీళ్లు వేడిని ఎక్కడికో మాయం చేయవు, రేడియేటర్ దాకా మోసుకెళ్లి అదే గది గాలిలో వదులుతాయి. గది 40 ఉంటే నీళ్లు 40 కంటే చల్లబడవు. ఇంకో చిక్కు చిప్ సైజుది. 5600ఎక్స్‌లో కోర్లన్నీ ఉన్న సిలికాన్ ముక్క 81 చదరపు మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. వంద వాట్ల వేడి ఆ ముక్క నుంచి బయటికి రావడమే కష్టం, వచ్చాక దాన్ని ఎంత పెద్ద రేడియేటర్‌కి అప్పజెప్పినా లాభం కొంతవరకే. ఏడెనిమిది వేలు పోసి పెద్ద లిక్విడ్ కూలర్ పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. వోల్టేజ్ 0.1 తగ్గిస్తే పైసా ఖర్చు లేకుండా ఇంకా ఎక్కువ తగ్గుతుంది. పైన చెప్పిన 4.3 గిగాహెర్ట్‌జ్‌నే 1.10 దగ్గర నడిపించగలిగితే 80 వాట్లు 67 అవుతాయి, 40 డిగ్రీల గదిలో చిప్ 74 దగ్గర ఉంటుంది.

చిప్ తనను తాను కాపాడుకుంటుందా?

నా మాటకు వచ్చే గట్టి అభ్యంతరం ఇది. ఇప్పటి ప్రాసెసర్లు వేడి హద్దు తగలగానే వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి, మరీ వేడెక్కితే ఆగిపోతాయి, కాలిపోయే రోజులు ఎప్పుడో పోయాయి, ఇంక భయమెందుకు అని. రైజెన్ 7000 వరస వచ్చినప్పుడు 95 డిగ్రీల దగ్గర నడవడం మామూలేనని ఏఎండీయే చెప్పింది కూడా. ఈ వాదనలో నిజం చాలానే ఉంది. నేనూ కొన్నాళ్లు దీన్నే నమ్మాను, ఉష్ణోగ్రత వరకు ఇప్పటికీ నమ్ముతాను.

కానీ ఆ కాపలా ఉష్ణోగ్రతకే. వోల్టేజ్ ఎక్కువై చిప్ లోపల నెమ్మదిగా అరిగిపోతుంటే చెప్పే అలారం ఏదీ లేదు. దీనికి 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు జరిగిన దానికంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. వాటిని ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకపోయినా, మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని లోపల నడిపించే ప్రోగ్రామ్) తప్పుగా ఎక్కువ వోల్టేజ్ అడగడం వల్ల, కొన్ని మదర్‌బోర్డులు ఇంటెల్ చెప్పిన హద్దులకు మించి కరెంట్ వదలడం వల్ల చిప్‌లు దెబ్బతిన్నాయి. ఒకే వేగానికి మునుపటి కంటే ఎక్కువ వోల్టేజ్ అడిగే స్థితికి చేరాయి. ఆ ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ 1.55 వోల్ట్‌లు దాటే కోరికలకు అడ్డు వేసింది. ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయలేదు.

ఆ వ్యవహారంలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది జబ్బు బయటపడిన తీరు. అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్‌లు మొదలుపెట్టగానే "వీడియో మెమరీ చాల్లేదు" అని ఎర్రర్ వచ్చేది. మెసేజ్ చూసినవాళ్లు సహజంగానే గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. డ్రైవర్లు మార్చారు, కార్డులు మార్చారు. నిజానికి తప్పు ప్రాసెసర్‌ది. గేమ్ మొదలయ్యేటప్పుడు షేడర్ల (తెర మీద బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రామ్‌ల) కుదించిన డేటాని విప్పే పని ప్రాసెసర్ చేస్తుంది, ఆ విప్పడంలో లెక్క తప్పి, చెడిపోయిన డేటా ముందుకు వెళ్లి, ఇంకెక్కడో ఇంకో పేరుతో బయటపడింది. డేటాని అలా విప్పే ప్రోగ్రామ్‌ని తయారు చేసే రాడ్ సంస్థే విషయం వివరిస్తూ, కోర్ల గుణకం (వేగాన్ని నిర్ణయించే అంకె) 55 నుంచి 54కో 53కో తగ్గించి చూడమని చెప్పింది. రెండు శాతమో నాలుగు శాతమో వేగం వదిలితే గేమ్ నడిచింది.

మావాడు సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చడంలో వింతేమీ లేదని అప్పుడు అర్థమైంది. అస్థిరమైన ప్రాసెసర్ తన పేరు చెప్పుకుని ఆగిపోదు. జిప్ ఫైల్ తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్ (డేటా చెడిపోయింది) అంటుంది, ఎక్స్‌పోర్ట్‌లో ఒక ఫ్రేమ్ పచ్చగా వస్తుంది, విండోస్ అప్‌డేట్ ఎక్కనంటుంది. ఆ ఒక్క పచ్చ ఫ్రేమ్ తాళి కట్టే చోట వస్తే ఆ అబ్బాయి ఏం సమాధానం చెబుతాడు? గేమ్ పోతే మళ్లీ ఆడుకోవచ్చు. రోజూ ఆ మెషీన్ మీద బతికేవాడికి "క్రాష్ కాలేదు" అన్నది చాలదు, లెక్క సరిగ్గా రావాలి.

ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో ఉన్న చిప్‌లు కూడా లెక్క తప్పుతాయని 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ఒక పేపర్‌లో రాశారు. వాళ్ల సర్వర్లలో ఒక కోర్ 1.1ని 53వ ఘాతానికి పెంచమంటే 156 బదులు సున్నా ఇచ్చేది. ఫైల్ సైజు సున్నా అనుకుని ప్రోగ్రామ్ దాన్ని విప్పకుండా వదిలేసేది. ఏ ఎర్రర్ లేదు, ఏ హెచ్చరికా లేదు, ఫైళ్లు మాత్రం మాయం. కంపెనీ కొంత మార్జిన్ వదిలి అమ్మిన చిప్‌లలోనే ఇలాంటివి ఉంటే, ఆ మార్జిన్‌ని మనమే తినేశాక ఇంకెంత జాగ్రత్త పడాలి?

ఏ పరీక్ష, ఎప్పుడు

ప్రైమ్95ని నేను చిన్నచూపు చూడను. పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టిన ఆ ప్రోగ్రామ్ తన లెక్కను తానే సరిచూసుకుంటుంది, తేడా వస్తే ఆ కోర్‌ని అక్కడే ఆపేస్తుంది. సినీబెంచ్ అనే వేగం కొలిచే ప్రోగ్రామ్‌ని పది నిమిషాలు నడిపి స్కోర్ చూసి సంతోషపడటం కంటే అది ఎంతో నయం. కానీ అన్ని కోర్లూ కలిసి పరుగెత్తే పరీక్ష ఒక్కటే చాలదు. ముఖ్యంగా వోల్టేజ్ తగ్గించే దారి పట్టినవాళ్లకు.

రైజెన్ 5000 వరస నుంచి వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్‌లో కోర్ల వోల్టేజ్‌ని ఒక్కో మెట్టుకి మూడు నుంచి ఐదు మిల్లీవోల్ట్‌ల చొప్పున తగ్గించవచ్చు. అందరూ ఒకేసారి మైనస్ 30 మెట్లు పెట్టి, అన్ని కోర్ల పరీక్ష నడిపి, పాసైందంటారు. అన్ని కోర్లూ నడుస్తున్నప్పుడు వేగం తక్కువగా ఉంటుంది కాబట్టి అది పాసవడం తేలిక. బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటుంటే ఒక్క కోర్ గరిష్ఠ వేగానికి ఎగురుతుంది, ఆ క్షణాన వోల్టేజ్ చాలక మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. రెండర్‌లో నిలబడి నోట్‌ప్యాడ్‌లో పడిపోయే సిస్టమ్‌లు ఇలాగే తయారవుతాయి. అందుకే ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్‌ని రాత్రిళ్లు నడపాలి. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసే డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో ఏమైనా చేరిందా చూడాలి. అక్కడ 18 నంబర్‌తో ఒక్క వరస కనపడినా నా దృష్టిలో ఆ సెట్టింగ్ ఫెయిల్. ఎక్స్ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆన్ చేయడం కూడా మెమరీని ఓవర్‌క్లాక్ చేయడమే కాబట్టి, మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష నడపకుండా ప్రాసెసర్‌ని తప్పుపట్టడం అన్యాయం.

ఇవన్నీ మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు చేయాలి. ఏసీ ఆపేసి, తలుపు మామూలుగా ఎలా ఉంటుందో అలాగే ఉంచి. వీలైతే రోహిణి కార్తెలో. అంతదాకా ఆగలేకపోతే కేబినెట్ ముందు ఫ్యాన్ల స్పీడ్ తగ్గించి లోపలి గాలిని కావాలని వేడెక్కించి చూడవచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రిపేర్లు చేసే ఒకాయన్ని అడిగితే, ఎండాకాలంలో తన దగ్గరికి వచ్చే వాటిలో చాలా వరకు దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ (చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసేది) మార్చి, బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మొదటి ప్రోగ్రామ్) సెట్టింగ్‌లు డిఫాల్ట్ చేస్తే బాగైపోతాయన్నాడు. "ప్రాసెసర్ చెడిపోదు సార్, ప్రాసెసర్‌కి ఊపిరాడదు" అన్నాడాయన.

ప్రాసెసర్ ఒక్కటే కాదు, దానికి కరెంట్ అందించే భాగాలూ వేడెక్కుతాయి. చవక మదర్‌బోర్డుల్లో చాలావాటికి ఆ భాగాల (వీఆర్‌ఎం) మీద వేడి లాగే హీట్‌సింక్ ఉండదు. లిక్విడ్ కూలర్ పెట్టాక అక్కడికి గాలి కూడా తగలదు. ఇక యూపీఎస్. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. ప్రాసెసర్‌కి 30 వాట్లు, గ్రాఫిక్స్ కార్డుకి మరికొన్ని పెంచుకుంటూ పోతే, మే నెల సాయంత్రం కరెంట్ పోయినప్పుడు అది కూతపెట్టి ఆపేస్తుంది.

ఒక సందేహం, ఒక గౌరవం

ఏడాదిలో రెండు నెలల ఎండ కోసం పది నెలల వేగం వదులుకోవాలా? ఈ ప్రశ్న నన్నూ చాలా ఇబ్బంది పెట్టింది. వేగాన్ని ఒక అంకె దగ్గర బిగిస్తే, అవును, వదులుకోవాలి. బిగించకపోతే అక్కర్లేదు. ఇప్పటి చిప్‌లు తమ వేడిని, కరెంట్‌ని చూసుకుని క్షణక్షణం వేగం మార్చుకుంటాయి. చలికాలంలో పైకెక్కుతాయి, ఎండాకాలంలో దిగుతాయి. హద్దులు మనం పెట్టి, వోల్టేజ్ కొంచెం తగ్గించి, మిగతాది చిప్‌కి వదిలితే రెండు కాలాలూ గడుస్తాయి. పైగా 4.6 దగ్గర బిగించడం వల్ల మావాడికి ఒక్క కోర్ పనుల్లో కలిసొచ్చింది ఏమీ లేదు. 5600ఎక్స్ ఒక్క కోర్‌ని 4.6కి తనంతట తానే తీసుకెళ్తుంది. పాత పద్ధతే కావాలనుకుంటే బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకుని, ఉగాదికి ఒకటి, మృగశిర తర్వాత ఇంకొకటి మార్చుకోవచ్చు.

ఓవర్‌క్లాకింగే వద్దని నేను అనడం లేదు. 1998లో సెలరాన్ 300ఏ అనే ఇంటెల్ ప్రాసెసర్ బస్ వేగాన్ని (మదర్‌బోర్డు నుంచి అందే మూల వేగాన్ని) 66 నుంచి 100 మెగాహెర్ట్‌జ్‌కి మారిస్తే 300 మెగాహెర్ట్‌జ్ చిప్ 450 దగ్గర నడిచేది. యాభై శాతం. చేతిలో డబ్బు లేని విద్యార్థికి అది నిజంగా పెద్ద సంగతి. 2011లో వచ్చిన ఇంటెల్ ఐ5-2500కే 3.3 నుంచి 4.4, 4.5 గిగాహెర్ట్‌జ్ దాకా మామూలు కూలర్‌తో వెళ్లేది, అలా ఎన్నో మెషీన్లు అదనంగా నాలుగైదేళ్లు బతికాయి. 2022 డిసెంబరులో ద్రవ హీలియంతో చల్లబరిచి, ఇంటెల్ కోర్ ఐ9-13900కే అనే చిప్‌ని 9 గిగాహెర్ట్‌జ్ దాటించారు. ఆ పని చేసేవాళ్లంటే నాకు ప్రేమే, ఆ నైపుణ్యం మామూలుది కాదు. కానీ ఆ రోజుల్లో కంపెనీ మనకు మిగిల్చిన వేగాన్ని ఇప్పుడు కంపెనీయే బూస్ట్ పేరుతో ముందే వాడేస్తోంది. మిగిలిన ఐదారు శాతం కోసం వర్గంలో పెరిగే ధర కట్టాలా అన్నదే నా ప్రశ్న. వేడిని తగ్గించుకునే వైపు మాత్రం ఇంకా బోలెడంత చోటు మిగిలి ఉంది, ఆ నైపుణ్యమంతా అక్కడ వాడితే ఫలితం కళ్లకు కనపడుతుంది.

మావాడి మెషీన్‌లో ఫిక్స్‌డ్ వేగం తీసేశాం. పవర్ హద్దు 76 వాట్లు, కంపెనీ పెట్టినదే ఉంచాం. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో కోర్‌కి విడిగా మెట్లు దిగుతూ, ఎర్రర్ వచ్చిన చోటు నుంచి వెనక్కి వచ్చి, దానికి ఇంకొన్ని మెట్లు వదిలాం. బాగా నడిచే కోర్లు తక్కువ తగ్గింపుకే తడబడ్డాయి, మిగతావి ఎక్కువ తట్టుకున్నాయి. అన్నిటికీ ఒకే అంకె పెట్టకూడదని అక్కడే తెలిసింది. కేబినెట్‌ని గోడ మూల నుంచి జరిపి, ముందు వైపు గాలి వచ్చే జాలీ శుభ్రం చేశాం. ఎక్స్‌పోర్ట్ సమయం కొంచెం పెరిగింది, ఫ్యాన్ శబ్దం బాగా తగ్గింది, సీజన్ అయ్యేదాకా మళ్లీ ఫోన్ రాలేదు.

ఒక విషయంలో మాత్రం మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. వాడు ఆ ప్రాసెసర్ అమ్మేసి కొత్తది కొనాలనుకుంటున్నాడు. నాలుగు నెలలు 1.35 వోల్ట్‌ల దగ్గర నడిచిందని కొనేవాడికి చెప్పమన్నాను. "ఎవరూ చెప్పరు మావయ్యా, అడగరు కూడా" అంటాడు. చిప్ పైన చూస్తే ఏమీ తెలియదు, ఏ ప్రోగ్రామూ దాని గతం చెప్పదు. నేను సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ కొనాల్సి వస్తే మొదట అడిగేది ఎంత వోల్టేజ్ దగ్గర, ఎన్నాళ్లు నడిపారన్నదే. రేటు తర్వాత. అడిగితే జవాబు రాకపోతే బేరం ఆపేస్తాను. వాడు చెప్పి అమ్మితే రేటు వెయ్యి తగ్గవచ్చు. తగ్గిన ఆ వెయ్యీ నేనిస్తానన్నాను, ఇంకా ఒప్పుకోలేదు.